వీడ్కోలు మాటలును, ఓటు లేని బిడ్డలును

పదవి విడుచు శాసనకర్త బిడ్డల భావిని తలంచి నాలుగు మంచిమాటలు చెప్పుటయు, తోడి సభ్యులు చేతులు తట్టుటయు, మరునాడు యథాప్రకారముగ పద్దులు చూచుకొనుటయు ప్రజాప్రభుత్వములలో నొక తంతుగ మారినది. ఈ తంతును విద్యావంతులు మెచ్చుకొనరాదని నా వాదము.

అమెరికా సెనేటులో కనెక్టికటు ప్రతినిధియై 30 ఏండ్లు కూర్చుండిన క్రిస్టఫర్ డాడ్ 2010 నవంబరు 30వ తేదీన తన వీడ్కోలు ప్రసంగము చేసెను. ఆయన వట్టి మాటలవాడు కాడు. 1983లో ప్రతిపక్షపు ఆర్లెన్ స్పెక్టరుతో గూడి సెనేటులో బాలల హితమునకై సభ్యబృందము నొకదానిని నెలకొల్పెను. ప్రసవసమయమునను, బిడ్డకు కఠినరోగము వచ్చినపుడును తలిదండ్రులకు ఉద్యోగము పోని సెలవు కావలెనని యేండ్లకొలది పోరాడెను. ఆ బిల్లును పెద్ద బుష్ 1990లో నొకసారి, 1992లో మరియొకసారి త్రోసిపుచ్చగా, 1993 ఫిబ్రవరి 5న క్లింటను సంతకముతో శాసనమయ్యెను. తన కడపటి యేట అమెరికా బాలుని స్థితిగతులపై వరుసగ విచారణలు జరిపెను.

అయినను ఆ శాసనము నొకసారి విప్పి చూడుడు. సెలవు 12 వారములు; జీతము లేదు. 50 మందికి తక్కువ పనివారున్న చోట అదియును లేదు. ఉద్యోగమున చేరి యేడాది నిండనివారికిని లేదు. జీతము లేని సెలవు ఇంటిలో నిలువ ధనమున్నవానికే సెలవు, లేనివానికి పస్తు. కేంద్రప్రభుత్వోద్యోగులకు మాత్రము 2020 అక్టోబరు నుండి, బిడ్డ కలిగినపుడు, జీతముతోడి సెలవు దొరకుచున్నది!

ఇది పరదేశపు గోల యని చదువరులు త్రోసివేయకుందురు గాక. మన కుమార్తెలును కోడండ్రును అక్కడనే కాన్పులు పోసుకొనుచున్నారు. విజయవాడ నుండియు హైదరాబాదు నుండియు అమ్మమ్మ ఆరు మాసములకు విమానమెక్కి పోవుట ఆచారమైనది. పిండివంటలతో బాటు ఆ దేశపు శాసనమున పడిన చిల్లికి మాసిక కూడ ఆమెయే మోసికొని పోవుచున్నది. అట్టి అమ్మమ్మ లేని యింటి మాట యేమి?

శిశుపోషణము గృహకృత్యము, ప్రభుత్వమున కందు జోక్యమేల యని కొందరందురు. 1971లో శిశుసంరక్షణ బిల్లును త్రోసిపుచ్చుచు నిక్సను ఆడినదియు నిట్టి మాటయే. మనుస్మృతి అష్టమాధ్యాయము సైతము బాలుడు పెద్దవాడగువరకు వాని సొమ్మును రాజే కాపాడవలెననుచున్నది. ఇతర విషయములందు ఆ గ్రంథముతో నాకు పేచీ గలదు గాని, ఇచ్చట నడుగుచున్నాను: సొమ్మును కాపాడదగిన రాజు సొమ్ము లేని బాలుని కాపాడరాదా?

కాపాడవచ్చునని అమెరికాయే ఋజువు చేసినది. 2021లో పన్నుమినహాయింపు రూపమున ఆరేండ్ల లోపు బిడ్డకు 3,600 డాలర్ల వరకు, అంతకు పెద్దవారికి 3,000 వరకు ఇచ్చిరి; అందు సగము నెలనెల ముందుగనే ముట్టజెప్పిరి. ప్రభుత్వసహాయమును గూడ లెక్కించు కొలతచే ఆ యేట పేదబిడ్డలు నూటికి 5.2. ఆ పెంపును కొనసాగింపలేదు. మరుసటి యేట 12.4. కరవు రాలేదు, వరదయు రాలేదు, ఓట్లు చాలలేదు. ఓట్లు లేనివారి పని గనుక చాలలేదు. ముసలివారి పింఛను నిట్లు సగమునకు కోసియుండిన నా సభ్యులు మరల గెలుతురా?

మనకు గర్వింప నధికారము లేదు. 1961 నాటి మన ప్రసూతి శాసనము జీతముతోనే సెలవొసగెను; 2017లో దానిని 26 వారములు చేసిరి. కాని పదిమందికి తక్కువ పనివారున్న దుకాణములోని స్త్రీకిని, మోకాలిలోతు బురదలో వరినాటు వేయు కూలి తల్లికిని ఆ శాసనము వర్తింపదు. మా బడికి మధ్యాహ్న భోజనమునకై ముందుగ వచ్చునవి ఆమె బిడ్డలే.