రంగులు సరే, నీళ్ళెవరు తెస్తారు?

పసిపిల్లల చేత బొమ్మలు వేయించడం గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. వరకట్నం చావులు, అత్యాచారాలు, భూమిపై హక్కు వంటి సమస్యలు మన ముందుండగా రెండేళ్ళ పిల్లలు నేలంతా పూసే రంగుల గురించి చర్చ అవసరమా అని అడగవచ్చు. అవసరమనే అనుకుంటున్నాను. పిల్లవాడు రంగులో చెయ్యి ముంచిన ప్రతిచోటా ఆ పక్కనే ఒక స్త్రీ గుడ్డ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమె ఎవరు, ఆ పనికి ఆమెకు ఎంత ముడుతోంది, ఆ గుడ్డ తడపడానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి అనేవి హక్కుల ప్రశ్నలే. ఈ ప్రశ్నలు అడగకుండానే 'సృజనాత్మకత' మీద ఊరూరా శిక్షణలిచ్చిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

కొన్నేళ్ళ కిందట ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఒక అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళాను. ఒక స్వచ్ఛంద సంస్థ ఆ ప్రాంతంలోని కేంద్రాలకు రంగుల డబ్బాలు, కుంచెలు, చార్టులు పంచింది. వాటిని ఎలా వాడుతున్నారో చూసి నివేదిక రాయడం నా పని. టీచరు బీరువా తెరిచింది. డబ్బాల మీద చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు. నేను నా పుస్తకంలో 'కార్యకలాపం జరగడం లేదు, కార్యకర్తలో ఆసక్తి లోపించింది' అని రాసుకుంటున్నాను. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న ఆయా తల తిప్పి చూసింది. "రంగులు మీరు తెచ్చారు, సరే మేడం. నీళ్ళెవురు తెస్తారు?" అంది.

కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఆ కేంద్రంలో కుళాయి లేదు. ట్యాంకరు వచ్చిన రోజున ఆయా బిందెలతో పట్టి తొట్టి నింపుకోవాలి. వంటకు, పిల్లల చేతులకు, గిన్నెలకు, దొడ్డికి వెళ్ళిన పిల్లల్ని కడగడానికి అవే నీళ్ళు. అయినా ఆ రోజు నా పట్టుదల కొద్దీ రంగులు తీయించాను. అక్కల వెంట వచ్చిన రెండేళ్ళ, రెండున్నరేళ్ళ పిల్లలతో కలిపి ఇరవై మందికి పైగా ఉన్నారు. వాళ్ళ ఆనందం చెప్పనలవి కాదు. అరచేతులు, పాదాలు, పక్కవాడి వీపు, గోడ, చాప, పప్పు గిన్నె మూత, అన్నీ రంగులే. అరగంటలో కాగితాలు అయిపోయాయి. నేను ఫోటోలు తీసుకున్నాను. ఆ తర్వాత గంటకు పైగా ఆయా ఒక్కతే పిల్లల్ని ఒక్కొక్కరినీ కడిగింది. నేల తుడిచి, చాప ఉతికి ఆరేసింది. నాలుగు బిందెల నీళ్ళు అయిపోయాయి. అన్నం ఆలస్యమైంది. బాబు చొక్కా పాడు చేశారని ఒక తల్లి వచ్చి ఆయానే తిట్టింది. నా నివేదికలో మాత్రం 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు' అన్న ఒక్క వాక్యం చేరింది. ఆ నాలుగు బిందెలకు నివేదికలో గడి లేదు.

ఈ అనుభవం చెప్పగానే కొందరు తేలికైన పరిష్కారం సూచిస్తారు: రంగులు మానేసి పలక, బలపంతో సరిపెట్టండి అని. దీన్ని నేను ఒప్పుకోను. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ వయసులో పిల్లలు బొమ్మ వేయరు. వాళ్ళు చేతిని కదిపితే గుర్తు పడుతుందని కనుక్కుంటారు. తడి, చల్లదనం, జిగురు, గరుకుదనం వాళ్ళకు వేళ్ళతోనే తెలియాలి. అటూ ఇటూ కొట్టిన గీతలు మూడేళ్ళు వచ్చేసరికి గుండ్రంగా తిరిగి కలుసుకుంటాయి. రేపు బలపం పట్టే వేళ్ళు ఇవాళ పిండి పిసికిన వేళ్ళే. ఈ వయసు పిల్లల విషయంలో ఒళ్ళు పాడుకాకుండా నేర్చుకోవడమంటూ ఉండదు. కాబట్టి చిందరవందర చేసే హక్కు పిల్లలకు ఉంది. ఆ చిందరవందర అంతా ఒక్క స్త్రీ నెత్తిన పడకూడదన్నదే నా వాదన.

మరి మనం చేస్తున్నదేమిటి? బొమ్మను పిల్లవాడి ప్రతిభగా గోడకు అంటిస్తున్నాం. దాన్ని వేయించినందుకు శిక్షకులకు పేరు, సంస్థకు నిధులు. మురికి మాత్రం ఆడదాని స్వభావంలో భాగమన్నట్టు ఆమెకే వదిలేస్తున్నాం. స్త్రీల శ్రమ అదృశ్యంగా ఉంటుందని సెమినార్లలో ఎన్నిసార్లు చెప్పుకున్నామో! మన శిక్షణా కార్యక్రమంలో మనమే దాన్ని అదృశ్యం చేస్తున్నామని గుర్తించం.

ప్రభుత్వం సంగతి చూడండి. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా టీచరుకు, ఆయాకు ఇచ్చేదాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. 2018 అక్టోబరు నుంచి కేంద్రం నిర్ణయించిన మొత్తం టీచరుకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. రాష్ట్రాలు దాని మీద కొంత కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అది టీచరుకు 11,500, ఆయాకు 7,000 అయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్ళు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు ఇచ్చింది. ఆ గ్రాట్యుటీ అమలు చెయ్యాలని, వేతనాలు పెంచాలని 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ స్త్రీలు 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే అది స్వచ్ఛంద సేవ. పని ఆపితే మాత్రం అత్యవసర సేవ! ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడానికి ఎంత ధైర్యం ఉండాలి?

ఇదే కాలంలో కాగితం మీద విద్యా లక్ష్యాలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. 2013లో పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆటపాటల ద్వారా చదువు అంది. 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' మొదలైంది. 2024లో మూడేళ్ళ లోపు పిల్లల కోసం 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు 'ఆధార్‌శిల' విడుదలయ్యాయి. ఇవన్నీ మంచి ఉద్దేశంతో వచ్చినవే. కానీ మూడేళ్ళ లోపు పిల్లలు ఎక్కువగా ఇంట్లోనే ఉంటారు. అంటే టీచరు ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పాలి, తల్లి చేయించాలి. తెల్లారి లేచి నీళ్ళు పట్టి, వండి, మిరప కోతకు పోయి వచ్చిన తల్లి పిల్లకు పిండి కలిపి ఇచ్చి, ఆడించి, ఆ పైన ఇల్లు కడగాలి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ 289 నిమిషాల మీద మరో అరగంట వేసి, దానికి 'తల్లిదండ్రుల భాగస్వామ్యం' అని పేరు పెడతారు. తల్లిదండ్రుల్లో దండ్రి ఎక్కడున్నాడో ఎవరూ అడగరు.

కులాన్ని పక్కన పెట్టి మురికి గురించి మాట్లాడటం మన సమాజంలో సాధ్యం కాదు. దళిత స్త్రీ వండితే మా పిల్లల్ని పంపం అని పేచీ పెట్టిన ఊళ్ళు మనకు తెలుసు. ఆమె తుడిస్తే వద్దని పేచీ పెట్టిన ఊరు ఒక్కటి కూడా నేను చూడలేదు. బట్టల మీద పడే మరకకు కూడా కులం, వర్గం ఉన్నాయి. మరకలు పడటం మంచిదేనని బట్టల సబ్బు పొడి ప్రకటనలు టీవీలో ముద్దుగా చెబుతాయి. రంగు పూసుకున్న డాక్టరు గారి అబ్బాయిని చూసి 'ఎంత చురుకైనవాడో' అంటారు. అదే రంగు కూలివాళ్ళ పిల్లవాడి చొక్కా మీద ఉంటే 'వీళ్ళకు శుభ్రం తెలీదు' అంటారు. ఆ రోజు ఆయాను తిట్టిన తల్లి మీద నాకు కోపం లేదు. ఆ పిల్లవాడికి ఉన్న మంచి చొక్కా అదొక్కటే కావచ్చు.

ఇతరుల గురించి ఇంత రాసి నా ఇంటి గురించి రాయకపోతే అన్యాయం. నా కూతురికి రెండేళ్ళప్పుడు నేను పిహెచ్.డి. పూర్తి చేసే హడావిడిలో ఉన్నాను. అసంఘటిత రంగంలో స్త్రీల శ్రమ నా అంశం! పిల్ల బీట్‌రూట్ ముక్కలతో, పసుపు నీళ్ళతో హాలు గోడ నింపేసింది. వాళ్ళ నాన్న ఫోటో తీసి బంధువులందరికీ చూపించాడు. నేను ఆ పక్కన తను వేసిన ఒక కాగితానికి ఫ్రేము కట్టించాను. గోడ కడిగింది మా ఇంట్లో పనిచేసే ఆమె. మోకాళ్ళ నొప్పులతో ముక్కాలి పీట ఎక్కి కడిగింది. అదనంగా ఒక్క రూపాయి ఇచ్చిన గుర్తు నాకు లేదు. తన మనవడూ ఆ ఈడువాడేనని, వాడిని చూసుకునేవాళ్ళు లేక పక్కింట్లో వదిలి వస్తోందని చాలాకాలం తర్వాత తెలిసింది. నా థీసిస్‌లో ఆమె లేదు. ఫ్రేము మాత్రం ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

దీనికి దారి లేదా? ఉంది. మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. తారాబాయి మోదక్ 1945లో బోర్డీలో బాలవాడి మొదలుపెట్టారు. బడికి రాలేని పిల్లల ముంగిట్లోకే బడి వెళ్ళాలన్న ఆమె ఆలోచనలోంచి వచ్చిందే అంగన్‌వాడీ అన్న మాట. ఆమె, అనుతాయి వాఘ్ ఖరీదైన సామాను కోసం చూడకుండా ఆకులు, గింజలు, రాళ్ళు, మట్టితోనే పిల్లలకు నేర్పారు. శుభ్రతను పిల్లల చదువులో భాగం చేశారు. ఆ రెండోదాన్ని మనం మరిచిపోయాం.

ఆ తర్వాత నేను మళ్ళీ మళ్ళీ ఆ కేంద్రానికి వెళ్ళి ఆయాను, టీచరును అడిగి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ఇరవై మందికి ఒకేసారి రంగులు ఇవ్వకూడదు, నలుగురైదుగురు చాలు. రోజుకు ఒకే రంగు. డబ్బా రంగులకంటే గంజిలో కలిపిన పసుపు, నీళ్ళలో కలిపిన జాజు, తడిపిన బియ్యప్పిండి మేలు, నోట్లో పెట్టుకుంటారన్న భయం తక్కువ. బెండకాయ తొడిమ వైపు కోసిన ముక్క మంచి అచ్చు. నల్ల బండ మీద తడి గుడ్డతో గీయిస్తే చెంబెడు నీళ్ళతో పని జరుగుతుంది, ఎండకు బొమ్మ దానంతటదే ఆరిపోతుంది. లోపల చాప మీద కన్నా బయట అరుగు మీద, పిల్లలకు చేతులు కడిగే వేళకు కాస్త ముందు పెట్టుకోవాలి. పాత చీర చింపి తలా ఒక ముక్క ఇవ్వాలి. రెండేళ్ళ పిల్లకు తుడవడం కూడా ఆటే. ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికి కూడా గుడ్డ ఇవ్వాలి. వాడు సరిగా తుడవడు, నిజమే. కానీ తుడవడం తన పని కాదన్న సంగతి వాడికి ఇంకా తెలియని వయసు అదొక్కటే.

ఇవి చిట్కాలు. చిట్కాలతో హక్కులు రావు. నీళ్ళు లేని కేంద్రంలో ఆయా ఎంత తెలివిగా పొదుపు చేసినా, ఆ తెలివిని ప్రభుత్వం తన ఖాతాలో వేసుకుంటుందే తప్ప కుళాయి వెయ్యదు. అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రతి కేంద్రానికి నీటి వసతి కల్పించాకే కార్యకలాపాల పట్టిక ఇవ్వాలి. శుభ్రం చేసే సమయాన్ని పనిగంటల్లో రాయాలి. ఆయాలను, టీచర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, గ్రాట్యుటీ ఇవ్వాలి. తల్లులకిచ్చే ప్రతి సలహా తండ్రులకు కూడా ఇవ్వాలి, వాళ్ళ చేత చేయించాలి.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనం చెయ్యాల్సింది ఒకటుంది. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకు నా విజ్ఞప్తి: ఈసారి రంగులకు, కాగితాలకు బడ్జెట్ రాసేటప్పుడు గుడ్డలు, సబ్బు, నీళ్ళు, శుభ్రం చేసే మనిషి కూలి అని నాలుగు వరసలు అదనంగా రాయండి. నిధులిచ్చేవాళ్ళు ఆ నాలుగు వరసలూ కొట్టేస్తే, ఎందుకు కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబులు ఈ పత్రికకు పంపండి. వచ్చే సంచికల్లో చర్చిద్దాం.