పెరటిలో ఒక తేయాకు మొక్క

ప్రతిదినము ఇంటింట తేనీరు కాగుచున్నది. కాని తేయాకు మొక్కను కన్నులార చూచిన విద్యార్థులు మనలో అరుదు. ఈ హోసూరు సీమలో ప్రతి పెరటను ఒక్క తేయాకు మొక్కయైనను ఉండవలెనని మా అభిప్రాయము.

నీలగిరులంతటి చలువ ఇచట లేదు. అయినను శ్రద్ధ వహించినచో పెద్ద కుండీలో పెంచవచ్చును. ఆమ్లగుణముగల మట్టి, ఆకుల ఎరువు, మధ్యాహ్నపు నీడ దానికి కావలెను. సున్నపు గుణముగల బావినీరు పడదు, వాననీరు మేలు. వేళ్లచెంత నీరు నిలువరాదు. కత్తిరింపక విడిచినచో తేయాకు చెట్టగును. నడుమెత్తున కత్తిరించుచుండిన పొదగా నిలుచును. సుమారు 3 ఏండ్లవరకు ఆకు కోయరాదు.

"దీనివలన ఇంటి వ్యయము తగ్గునా?" యని కొందరడుగుదురు. తగ్గదు. 1 కిలో పొడికి 4 కిలోలకు పైగా పచ్చియాకు కావలెను. ఒక మొక్క యిచ్చునది కొన్ని కప్పులకే చాలును. అందువలననే పెంచుడని మేము కోరుచున్నాము. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున దోసెడు ఆకు కోసిన బాలునకు, దినమంతయు వీపున బుట్టతో కొండవాలున నిలిచి కోయు స్త్రీల శ్రమ తెలియగలదు. అది తెలిసినవాడు తేనీటిని సగము త్రాగి పారబోయడు.