పాడైన లాప్‌టాప్‌లో పాడుగాని యవయవము

లాప్‌టాప్ కంప్యూటరు పాడైనదని చెప్పునపుడు తరచుగా అందలి యొకటి రెండు భాగములు మాత్రమే చెడియుండును. తెర పగులవచ్చును, బ్యాటరీ బలహీనపడవచ్చును, మదర్‌బోర్డున నేదో భాగము కాలిపోవచ్చును. అయినను మనము యంత్రమంతయు పనికిరానిదయ్యెనని తలంచి పాతసామానుల వర్తకునకు తూకమునకు వేసెదము. అట్లు పోవు భాగములలో, వ్రేలితో తెరపై బాణపు గుర్తును నడిపించు టచ్‌పాడ్ అను పలక యొకటి. అది పెక్కుసారులు చెక్కుచెదరక యుండును. దానిని వెలికిదీసి ప్రత్యేకమైన మౌస్‌గా నుపయోగింపవచ్చును. ఈ పని ఉన్నత పాఠశాల విద్యార్థులకు మిక్కిలి తగిన యభ్యాసమని నా యభిప్రాయము.

మొదట ఈ పలక పనిచేయు విధమును గ్రహింపవలెను. పైపొర క్రింద సన్నని లోహపు గీతలు నిలువుగను అడ్డముగను వలవలె నమర్పబడియుండును. విద్యుత్తును ప్రసరింపజేయు మన వ్రేలు దగ్గరకు వచ్చినంతనే, విద్యుదావేశమును ధరించుటకు ఆ గీతలకు గల శక్తి యించుక మారును. ఆ మార్పు ఎచ్చట కలిగినదో పలక వెనుకనున్న చిప్పు లెక్కించి కంప్యూటరునకు తెలుపును. అందువలననే ఎండుపుల్లతో నెంత రుద్దినను బాణము కదలదు. వ్రేలు మెల్లగ తాకినను కదలును.

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సభికుల యెదుట ప్రదర్శించెను. టచ్‌పాడ్ 1994లో ఆపిల్ కంపెనీవారి పవర్‌బుక్ లాప్‌టాప్‌లతో ప్రసిద్ధికి వచ్చెను. రూపములు వేరైనను రెండింటి పనియు నొక్కటియే. పాత టచ్‌పాడ్‌లలో పెక్కింటి సంకేతభాషయు నాటి మౌస్‌ల భాషయే. ఐ.బి.యం. వారు 1987లో ప్రవేశపెట్టిన పి.యస్.2 పద్ధతి యది. దానికి నాలుగు తీగలు చాలును: 5 వోల్టుల విద్యుత్తున కొకటి, గ్రౌండున కొకటి, క్లాకున కొకటి, డేటాకు మరియొకటి. చిప్పుపైనున్న సంఖ్యను చదివి, దాని వివరపత్రము ననుసరించి యీ నాలుగు చోట్లను గుర్తింపవలెను. పాత పి.యస్.2 మౌస్ తీగను కత్తిరించి, వరుస తప్పక ఆ చోట్ల టంకము పెట్టవలెను. పిమ్మట కంప్యూటరును ఆపి, తీగను తగిలించి, మరల నడుపవలెను. మీటలు లేకున్నను, పెక్కు పలకలలో వ్రేలితో తట్టుటయే యెడమ మీట నొక్కుటతో సమానము.

యు.యస్.బి. మాత్రమే గల కంప్యూటరైనచో, భాషను మార్చి చెప్పు చిప్పు గల అడాప్టరుగాని, ఆర్డ్వినో లియొనార్డో వంటి చిన్న బోర్డుగాని నడుమ నుండవలెను. క్రొత్త లాప్‌టాప్‌ల పలకలు పెక్కు ఐ2సి యను వేరొక పద్ధతి ననుసరించును. వానికి 5 వోల్టు లిచ్చినచో చెడిపోవచ్చును గనుక ఊహమీద తీగలు కలుపరాదు.

"కొన్ని వందల రూపాయలకు క్రొత్త మౌస్ దొరకుచుండగా ఈ శ్రమ యేల?" యని కొందరు తల్లిదండ్రు లడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ధనము మిగులుననుట దానికి సరియైన సమాధానము కాదు. టంకపు సామగ్రియు అడాప్టరును కొన్నచో నష్టమే కలుగవచ్చును. భూమికి గొప్ప మేలు కలుగుననుటయు నతిశయోక్తియే. 2024లో వెలువడిన ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థము పుట్టెను. అందు 22.3 శాతము మాత్రమే సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినట్లు లెక్కకు వచ్చినది. ఇట్టి కొండ యెదుట మన చిన్న పలక యెంత?

మరి లాభ మెయ్యది? మూసిన పెట్టెగా కొన్న వస్తువును తెరచి, దాని లోపలి న్యాయమును చదువగలుగుటయే లాభము. విద్యుదావేశమును గూర్చి పుస్తకమున బట్టీపట్టిన విద్యార్థి, తన వ్రేలును ఆ పాఠములో నొక భాగమని యిచ్చట తెలిసికొనును. వివరపత్రము చదువనిదే తీగను ముట్టరాదను నిగ్రహము నేర్చును. పలక పనిచేయనిచో కారణమును వరుసగా వెదకుట నేర్చును. క్రొత్త మౌస్‌తోపాటు ఈ పాఠములు అంగడిలో దొరకవు. మౌస్‌ను పిడికిట పట్టుట కష్టమైనవారిలో కొందరికి, బల్లపై కావలసినచోట నుంచుకొనదగిన యీ పలక సుఖముగా నుండును. తాను చేసిన వస్తువు ఇంటనున్న తాతగారికో నాయనమ్మకో యుపయోగపడిన, ఆ విద్యార్థికి అంతకంటె బహుమాన మేమి కావలెను?

పెద్దల పర్యవేక్షణ లేక ఈ పనికి పూనుకొనరాదు. ముందుగా బ్యాటరీని తొలగింపవలెను. అది యుబ్బియున్నచో ముట్టక ఉపాధ్యాయునకు చూపవలెను. లిథియం బ్యాటరీకి గ్రుచ్చుకొనిన మంటలు లేవవచ్చును. యజమానుల సొంత విషయములుండు డిస్కును వారికే తిరిగి యియ్యవలెను. మిగిలిన భాగములను చెత్తలో వేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న మన దేశపు నియమముల ప్రకారము నమోదైన పునర్వినియోగ సంస్థలకు చేర్పవలెను.

తల్లిదండ్రులారా, మీ యింట మూలబడియున్న లాప్‌టాప్‌ను అమ్ముటకు ముందు పాఠశాలకు తెచ్చి యొకమారు చూపుడు. ఉపాధ్యాయులారా, ప్రయోగశాలలో వారమున కొక గంట యీ పనికి కేటాయింపుడు. విద్యార్థులారా, ఏ వస్తువునైనను చెడినదని తీర్పు చెప్పుటకు ముందు, అం దేది చెడినదో, ఏది చెడలేదో విచారింపుడు.