ఒక ఓటమి, పదేండ్ల ఓర్పు

కళాశాల వార్షిక సంచికలలో క్రీడల ప్రస్తావన సాధారణముగా గెలిచినవారి ఛాయాచిత్రముతో ముగిసిపోతుంది. ఈసారి అట్టి ఛాయాచిత్రము లేదు. ఫుట్‌బాల్ పోటీలకు వెళ్ళిన మన విద్యార్థులు మొదటి ఆటలోనే ఓడి తిరిగివచ్చినారు. ఆటల పీరియడును తీసివేసి, ఆ గంటను పరీక్షల చదువుకు ఇచ్చినచో మేలు గదా అన్న మాట ఆనాటి నుండి స్టాఫు గదిలోను, వరండాలోను వినవస్తున్నది. ఆ మాట అన్నవారు విద్యార్థుల మేలు కోరినవారే. అయినను మేము వారితో ఏకీభవించలేము. ఎందుకో చెప్పుటకు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు జీవితమును విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుచున్నాము.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొని, నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసినారు. 1940ల నుండి మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకున్నది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకము సాధించినది.

ఇంతవరకు విజయగాథయే. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన జట్టు మొదటి ఆటలోనే యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయినది. మనవారిలో పలువురు ఆనాడు బూట్లు లేకుండ ఆడినారు. అంతటి పరాభవము తరువాత ఫుట్‌బాల్ మనకెందుకని ఎవరైనను అనియుండవచ్చును. కాని పెద్దలు ఆటను మానిపించలేదు. బూట్లు తొడిగి ఆడుటను తప్పనిసరి చేసినారు. లోపము ఎక్కడ కనబడినదో అక్కడనే దిద్దుబాటు మొదలైనది.

రహీం సాహెబ్ శిక్షణలో మాకు మిక్కిలి నచ్చినది అందులోని బడిపంతులు పద్ధతి. విద్యార్థికి రాని అక్షరమునే గదా మనము ఎక్కువసార్లు దిద్దించెదము! ఆయనయు బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనన్న నియమముతో పోటీలు నడిపించినారు. బంతిని తన వద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదని, వెంటనే తోటివానికి అందించవలెనని మరికొన్ని పోటీలు పెట్టించినారు. తన లోపమును తాను ఎరుగుట, పక్కవానిని నమ్ముట అను ఈ రెండును తరగతి గదిలో నేర్పుటకు మేము పడు పాట్లు మాకే తెలియును.

ఆ ఓర్పు ఫలించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, భారతజట్టు నాలుగవ స్థానము పొందినది. ఆ జట్టులో సికింద్రాబాదు శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాదీలు నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్ మున్నగువారు ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవారు ఫ్రాన్సుతో 1-1గా సమానముగా నిలిచినారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు వచ్చినవి. అక్కడను మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి! తరువాతి ఆటలో రక్షణపంక్తిలో ఆడే జర్నయిల్ సింగ్ తలకు గాయమైనది. గాయముతో వెనుక నిలుపుట ప్రమాదమని తలచిన రహీం సాహెబ్ ఆయనను ఏకముగా ముందుపంక్తికి పంపినారు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాతో తుది ఆట. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నయిల్ సింగే ఒక గోలు చేయగా 2-1తో స్వర్ణము మనదైనది. అప్పటికే రహీం సాహెబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సరు తినివేయుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసినారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము నాటి నుండి మన దేశమునకు మరల దక్కలేదు.

2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రము ద్వారా ఈ కథ మన విద్యార్థులలో కొందరికి తెలిసియుండును. చిత్రము చూచినవారికి తుది ఆటలోని గెలుపు గుర్తుండును. మేము గుర్తుంచుకొమ్మని కోరునది హెల్సింకీ నుండి జకార్తా వరకు గడచిన పదేండ్లను.

దేశపు జట్టుకు, బాన్సువాడ కళాశాల జట్టుకు పోలికయా అని కొందరు నవ్వవచ్చును. ఆటగాళ్ళలో పోలిక లేదు, నిజమే. పోలిక ఓపికలో ఉన్నది. మన పిల్లలలో అనేకులు నిజాంసాగరు కాలువ క్రింది సేద్యపు కుటుంబముల నుండి వచ్చినవారు. నారు పోసిన వారమునకే కొడవలి పట్టుకొని పొలమునకు పోవు రైతు లేడని వారికి మనము చెప్పనక్కరలేదు. మన వ్యాయామ శిక్షకులు మాత్రము ఏటేట మారుచున్నారు. పిల్లల పేర్లు తెలియువేళకు వారి గడువు ముగియుచున్నది. ఇట్టి స్థితిలో ఓడినది పిల్లలొక్కరేనా?

కనుక కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ఆటల గంటను తీసివేయవద్దు. ఒక శిక్షకుని కనీసము ఐదేండ్లు నిలుపుడు. ఆ ఐదేండ్లలో గెలుపెంత అని కాక, ఎందరు పిల్లలు మైదానమునకు వచ్చినారని ఏటేట అడుగుడు. పరీక్షల చదువు కుంటుపడునను భయము వలదు. ఆ పతకములను సాధించిపెట్టిన మనిషి నల్లబల్ల ముందు నిలిచి పాఠము చెప్పినవాడే.

విద్యార్థులారా! ఓడి వచ్చినందుకు తల దించుకొనకుడు. రేపు సాయంత్రము మైదానమునకు రండు. మీ బలహీనమైన కాలు ఏదో మొదట తెలుసుకొనుడు.