షోఫారు ఊదినవాళ్ళు ఓలి ఊసెత్తలేదు

గత సంచికలో ప్రకాశం జిల్లా పల్లెలోని ఒక అవ్వ చెప్పిన పెళ్ళి జ్ఞాపకాలు అచ్చువేశాం. ఓలి కింద పెళ్ళికొడుకు వైపువాళ్ళు తన తండ్రి చేతిలో పెట్టిన రూపాయలు, కులపెద్దలకు పోసిన కల్లు, పచ్చి కొబ్బరాకు పందిరి, సిలువ బిళ్ళ కట్టిన పసుపుతాడు మీద చెయ్యి పెట్టి అయ్యగారు చేసిన ప్రార్థన, అన్నిటినీ ఆమె ఒకే పెళ్ళిగా చెప్పింది. చెప్పింది చెప్పినట్టే వేశాం. నెల తిరక్కుండానే ఒక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. అన్యాచారాలకు ప్రచారం చేస్తున్నారు కాబట్టి ఇకమీదట మీ పత్రికను మా పుస్తకాల బల్ల మీద పెట్టం అన్నారు. పెళ్ళి ఎలా జరగాలో మాకు తెలియజెప్పడానికి ఒక శుభలేఖ కూడా జతచేశారు. బైబిలు ప్రకారం యూదు వివాహం అట అది. నాలుగు కర్రల మీద తెల్లగుడ్డ పందిరి, షోఫారు అనే పొట్టేలు కొమ్ము బూర, ద్రాక్షారసం గిన్నె, చివర్లో పెళ్ళికొడుకు కాలికింద గాజుగ్లాసు. ఆ పెళ్ళికి పిల్ల తండ్రి మిరపచేను తాకట్టు పెట్టాడని ఆ ఊరివాళ్ళే మాకు చెప్పారు. ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.

పుస్తకాల బల్ల పోయినందుకు మాకు బాధ లేకపోలేదు. మా చందాదారుల్లో సగం మంది గుడిమెట్ల మీదే పత్రిక కొనుక్కునేవాళ్ళు. అయినా ఈ సంపాదకీయం దాని కోసం కాదు. యేసు కాలంనాటి పెళ్ళి పేరు చెప్పి ఒక ముసలామె పెళ్ళిని చిన్నచేశారు. ఆ కాలంనాటి పెళ్ళి ఏమిటో ముందు చూద్దాం.

నాలుగు కర్రల పందిరి యేసు నాటిది కాదు. దాన్ని ఇప్పుడు హుప్పా అంటారు, కానీ యోవేలు ప్రవక్త మాట్లాడే హుప్పా పెళ్ళికూతురి గది. కర్రలమీద గుడ్డ కట్టే పద్ధతి ఎన్నో శతాబ్దాల తర్వాత ఐరోపా యూదుల్లో స్థిరపడింది. గ్లాసు పగలగొట్టడానికి మూలంగా చెప్పే కథ తల్మూదు అనే యూదు ధర్మగ్రంథంలో ఉంది. కొడుకు పెళ్ళిలో పండితులు మరీ ఉల్లాసంగా ఉన్నారని ఒక రబ్బీ విలువైన గిన్నె తెచ్చి వాళ్ళ ముందు పగలగొట్టాడట. అది క్రీస్తు తర్వాత కొన్ని వందల ఏళ్ళనాటి మాట, పెళ్ళికొడుకు కాలికింద గ్లాసు ఇంకా తర్వాతది. షోఫారును యూదులు ముఖ్యంగా కొత్త సంవత్సరానికి ఊదుతారు. కానా పెళ్ళిలో రాతి బానలున్నాయని యోహాను సువార్త చెబుతుంది కానీ బూర ఉందని చెప్పదు.

యేసు నాటి పెళ్ళిలో నిజంగా ఉన్నది రెండు మెట్లు, ఒక సొమ్ము, ఒక పత్రం. మొదట ప్రధానం. అది జరిగితే పిల్ల భార్య కిందే లెక్క, విడిపోవాలంటే విడాకుల పత్రం రాయాల్సిందే. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు యోసేపు పడిన సంకటం ఇదే. ప్రధానానికీ కాపురానికీ నడుమ కన్యకు పన్నెండు నెలలు గడువివ్వాలని మిష్నా అనే యూదు ధర్మసంకలనం చెబుతుంది. ఆ తర్వాతే పెళ్ళికొడుకు వచ్చి పిల్లను తీసుకుపోతాడు. మత్తయి సువార్తలో పదిమంది కన్యకలు దివిటీలు పట్టుకుని ఎదురుచూసింది ఆ రాక కోసమే.

సొమ్ము సంగతి ఇంకా స్పష్టం. దీనా కోసం షెకెము ఎంత ఓలి అడిగినా ఇస్తానన్నాడు. యాకోబు దగ్గర డబ్బు లేదు, రాహేలు కోసం లాబాను మందలు ఏడేళ్ళు కాశాడు, లేయాను అంటగట్టాక మరో ఏడేళ్ళు కాశాడు. దావీదు బీదవాడు. సౌలు కూతురికి అతను ఇచ్చుకోవాల్సిన ఓలిని సౌలు ఫిలిష్తీయుల ప్రాణాలతో లెక్కగట్టాడు. కన్యను చెరిపినవాడు ఓలి ఇచ్చి ఆమెను పెళ్ళాడాలనీ, తండ్రి ఒప్పుకోకపోయినా సొమ్ము మాత్రం కట్టాలనీ నిర్గమకాండం శాసించింది. ఆదికాండం నుంచి సమూయేలు గ్రంథాల దాకా వెతకండి, పెళ్ళికొడుకు తండ్రి పిల్ల తండ్రిని ఇంత ఇస్తావా అని నిలదీసిన చోటు ఒక్కటి దొరకదు. కాలేబు కూతురు అక్సా తండ్రిని నీటి మడుగులు అడిగి తీసుకుంది. అడిగింది ఆమె, దక్కింది ఆమెకు.

క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో, ఈజిప్టులోని ఎలిఫెంటైన్ ద్వీపంలో కాపురమున్న యూదుల పెళ్ళిపత్రాలు పపైరస్ మీద దొరికాయి. మిబ్తహియా అనే ఆమె కోసం పెళ్ళికొడుకు ఎస్హోర్ ఆమె తండ్రికి 5 షెకెళ్ళు ఓలి ఇచ్చాడని అందులో రాసి ఉంది. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న బట్టలకూ పాత్రలకూ ఒక్కొక్కదానికి ఖరీదు కట్టి రాశారు. కాపురం చెడితే అవన్నీ ఆమెవే. సమాజం ముందు నిలబడి ఈ మొగుడు నాకొద్దు అనే హక్కు కూడా ఆ పత్రమే ఆమెకిచ్చింది.

తర్వాతి కాలంలో తండ్రికిచ్చే సొమ్ము భార్యకు రాసిచ్చే సొమ్ముగా మారింది. దాన్ని రాసిన కాగితమే కెతుబా. మొగుడు చచ్చినా వదిలేసినా ఆమెకు దక్కాల్సింది అందులో ఉంటుంది. కన్యకు 200 జూజులు, విధవకు 100 అని మిష్నా లెక్క. భర్త ఆస్తి మొత్తం ఆ బాకీకి పూచీగా ఉండాలన్న నియమాన్ని షిమోన్ బెన్ షెతా పెట్టాడని తల్మూదు చెబుతుంది. యేసు పుట్టడానికి కొన్ని దశాబ్దాల ముందటి మనిషి ఆయన. కాబట్టి గలిలయలో యేసు చూసిన పెళ్ళిళ్ళు ఈ నియమం నీడలో జరిగి ఉండొచ్చు.

అది కాగితం మీది ముచ్చట కాదనడానికి బబథా సాక్ష్యం. 1961లో మృత సముద్రం దగ్గరి గుహలో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ బృందానికి ఒక తోలుసంచి దొరికింది. అందులో 35 పత్రాలు, అన్నీ బబథా అనే ఒక యూదు స్త్రీవి. 132లో మొదలైన బర్ కొఖ్బా తిరుగుబాటు రోజుల్లో ఆమె వాటిని మూటగట్టి గుహలో దాచుకుంది. రెండో భర్త యూదా తన చేత్తో రాసిచ్చిన కెతుబా వాటిలో ఉంది, 400 దీనారాలకు. యూదాకు అంతకుముందే మరో భార్య ఉంది. అతను పోయాక బబథా కన్నీళ్ళు పెట్టుకుని ఊరుకోలేదు. నాకు రావాల్సిన బాకీకి జమ అని అతని ఖర్జూరపు తోటలు స్వాధీనం చేసుకుంది, ఆ ఏటి కాపు అమ్మింది, అమ్మినట్టు పత్రం రాయించి సంచిలో పెట్టుకుంది. యూదు వివాహం కావాలనుకునే మన ప్రసంగీకులు ముందు ఈమె కథ చెప్పాలి.

గాజుగ్లాసు తెచ్చుకున్నారు, కెతుబా వదిలేశారు. షోఫారు తెచ్చుకున్నారు, ఓలి పేరెత్తరు. ఖర్చు లేని ముచ్చట్లన్నీ పవిత్రమైపోయాయి, మగవాడి జేబుకు చిల్లుపెట్టేవి మాత్రం పాత పుస్తకాల్లోనే ఉండిపోయాయి. ఇది వాక్యానుసారం కాదు. కట్నం పుచ్చుకున్న చేతులకు పరిశుద్ధ గ్రంథాన్ని ముసుగేయడం.

ఈ గడ్డ మీద ఓలి కొత్తగా వచ్చింది కాదు. మాదిగ పల్లెల్లో, మాల పల్లెల్లో, ఇంకా ఎన్నో శ్రమకులాల్లో పిల్లను అడగడానికి వచ్చినవాళ్ళే ఓలి మోసుకొచ్చేవాళ్ళు. కారణం చేలో కనిపిస్తుంది. మిరప కల్లంలో ఒక్క పూట కూర్చుని చూడండి. ఎర్రటి కాయ నడుమ ఆడవాళ్ళు మూతికీ ముక్కుకీ గుడ్డ కట్టుకుని తొడిమలు తీస్తుంటారు, తాలుకాయ ఒక పక్కకు, మంచికాయ ఒక పక్కకు. సాయంత్రానికి వేళ్ళు మండి, చంకలో బిడ్డను ముట్టుకోవడానికి భయపడతారు. పత్తితీతలో గుల్ల అంచులు గీరుకుని చేతులు నెత్తురోడతాయి. అలాంటి రెండు చేతులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుంటే, పోగొట్టుకున్న ఇంటికి ఎంతోకొంత ఇవ్వాలని పల్లె అనుకుంది. యాకోబు ఏడేళ్ళ లెక్కా ఇదే.

ఈ పల్లెలకు తర్వాత మిషనులు వచ్చాయి. 1842 జూలై 31న మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో దిగారు. 1878 జూలై 3న క్లౌ దొరగారి మిషనులో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ వచ్చినవాళ్ళను మిషను అడిగినవి ముఖ్యంగా మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మిషనులు బాల్యవివాహాలను వద్దన్నాయి, ఆడపిల్లలకు బడులు పెట్టాయి. ఆ రుణం మేము మరిచిపోం. పెళ్ళిలో మాత్రం దొరలు తెచ్చినది వాళ్ళ ఊరి మర్యాద. ఉంగరం రోమనుల నుంచి వచ్చింది. తెల్లబట్టలు 1840లో విక్టోరియా రాణి పెళ్ళి తర్వాత వాడుకైనవి. గురువు ముందే పెళ్ళి జరగాలన్న కట్టడి కతోలికులకు ట్రెంట్ సభ 1563లో పెట్టింది, ఇంగ్లండుకు 1753 చట్టం పెట్టింది. తొలి క్రైస్తవులకు వేరే పెళ్ళితంతే లేదు, అందరిలాగే పెళ్ళిళ్ళు చేసుకుంటారని రెండో శతాబ్దపు దియొగ్నేతు లేఖ చెబుతుంది. తాళి గొడవా పాతదే. 1704లో పాండిచ్చేరిలో పోపు ప్రతినిధి తూర్నోన్ తాళి మీద వినాయకుడి బొమ్మ వద్దన్నాడు, సిలువ ఉండొచ్చన్నాడు. తాళినే తెంచమనలేదు. మా అవ్వ మెడలోని సిలువ బిళ్ళకు అంత వెనకటి సమర్థన ఉంది.

బడి వచ్చింది, ఉద్యోగం వచ్చింది. టీచరు, కాంపౌండరు, గుమాస్తా అయిన కుర్రాడికి ధర పలికింది. పైకులాల ఇళ్ళలో చూసిన కట్నాన్ని మనమూ తలకెత్తుకున్నాం. ఓలి ఇచ్చిన తాతకు పుట్టిన కొడుకు సైకిలూ గడియారమూ పుచ్చుకున్నాడు, మనవడు ఎకరాలు అడుగుతున్నాడు. 1958లో ఆంధ్రప్రదేశ్ చట్టం, 1961లో కేంద్ర చట్టం కట్నాన్ని నేరమన్నాయి. గుడిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతారు. మేము చూసిన ఏ గుడిలోనూ కట్నం అభ్యంతరం కాలేదు. కల్లాలు ఎత్తి, సరుకు గుంటూరు యార్డుకు తోలి, వచ్చిన పైకంలో అప్పులు పోను మిగిలింది మే నెల పెళ్ళిళ్ళలో వియ్యంకుడి ఇంటికి చేరుతుంది. ఆ మిరపకు తొడిమలు తీసింది ఆ పెళ్ళికూతురూ ఆమె తల్లే.

ఓలి అంటే ఆడపిల్లను అమ్ముకోవడమే కదా అని కన్యాశుల్కం చదివినవాళ్ళు అడుగుతారు. లుబ్ధావధాన్లకు పసిపిల్లను అమ్మడం అమ్మకమే, తండ్రి మమ్మల్ని అమ్ముకు తిన్నాడని లాబాను కూతుళ్ళు ఏడ్చిందీ నిజమే, కానీ తర్వాత యూదులు ఆ సొమ్మును తండ్రి చేతిలోంచి తీసి కూతురి పేర రాశారు. మనం చేసింది తిరగేసి. సొమ్మును కూతురి వైపు నుంచే గుంజి అల్లుడి పేర రాశాం.

యూదుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మన మనుషులే కొందరు యూదులమని చెప్పుకుని 1991లో ప్రార్థనామందిరం పెట్టుకున్నారు. బెనే ఎఫ్రాయిము అని వాళ్ళ పేరు. యాకోబీ సోదరులు వాళ్ళకు పెద్దలు. మాదిగ పల్లె ఆచారాల్లో ఇశ్రాయేలు ఆనవాళ్ళు ఉన్నాయని వాళ్ళ వాదన. వాళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. వంశం సంగతి మేము తేల్చలేం. అయితే పల్లె ఆచారాన్ని సిగ్గుపడకుండా బైబిలు పక్కన పెట్టి చూసిన ధైర్యం వాళ్ళది. వాళ్ళను మతం మార్చుకున్నారని ఈసడించే నోళ్ళే ఇవాళ గుడిలో షోఫారు ఊదుతున్నాయి. యూదుల వస్తువులు కావాలి, యూదులమని చెప్పుకునే మాదిగలు వద్దు.

చట్టం దగ్గరా ఆడపిల్లకు మిగిలింది తక్కువే. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రత్యేక అనుమతి లేనిదే ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్ళి జరగాలంది, మత్తయి సువార్తలో అర్ధరాత్రి వచ్చిన పెళ్ళికొడుకు అందులో ఇమడడు. భార్యకు ఇంత రాసివ్వాలని మాత్రం ఎక్కడా అనలేదు. 1869 విడాకుల చట్టం కింద భార్య వ్యభిచారం ఒక్కటీ రుజువు చేస్తే మగవాడికి సరిపోయేది. ఆడది సాధారణంగా మొగుడి వ్యభిచారంతో పాటు క్రూరత్వమో వదిలేసిపోవడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001 దాకా ఇదే నడిచింది. ఎలిఫెంటైన్‌లో మిబ్తహియాకున్న హక్కుకు గుంటూరు మరియమ్మ కొంతైనా దగ్గర కావడానికి అన్నేళ్ళు పట్టింది.

అందుచేత సంఘ పెద్దలను ఒకటి అడుగుతున్నాం. వచ్చే పెళ్ళిళ్ళ కాలానికి ప్రకటన చదివేముందు రెండు వైపులవాళ్ళనూ కూర్చోబెట్టి ఇచ్చిపుచ్చుకునేది ఏమిటో అడగండి. కట్నం ఉందని తేలితే ప్రకటన ఆపండి. పెళ్ళి రిజిస్టరు పక్కన ఇంకొక పుస్తకం పెట్టి, పెళ్ళికొడుకు తన భార్య పేర ఏమి రాసిస్తున్నాడో అందులో రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. పుట్టింటివాళ్ళు పిల్లకిచ్చిన బంగారం, పొలం ఆమెవేనని అదే పేజీలో రాయించండి. స్టాంపు కాగితం మీద రాసి రిజిస్టరు చేయిస్తే కోర్టులో నిలబడుతుంది, దానికి నమూనాను ఒక న్యాయవాది చేత రాయిస్తున్నాం, వచ్చే సంచికలో వేస్తాం. ఓలి ఇచ్చి, ఓలి పుచ్చుకుని పెళ్ళాడిన ముసలివాళ్ళు మీ పల్లెల్లో ఇంకా ఉంటే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. ఏ పుస్తకాల బల్ల మీద చోటు పోయినా సరే, అచ్చువేస్తాం.