ముక్కును మరీ నమ్మకండి!

పోపులో ఇంగువ పడగానే పక్కింటిదాకా వాసన వెళ్తుంది. పొయ్యి దగ్గరున్న మీకు మాత్రం కాసేపటికే ఆ ఘుమఘుమ తెలియదు. గమనించారా? ముక్కుకి జబ్బేమీ లేదు. అది పనిచేసే తీరే అంత!

ముక్కులోపల పైభాగాన పల్చని తడిపొర ఉంటుంది. గాలిలో వచ్చే వాసన అణువులు ఆ తడిలో కరిగి, అక్కడి నరాల కణాలను తాకుతాయి. అవి మెదడుకి కబురు పంపుతాయి. అదే వాసన ఆగకుండా వస్తుంటే కణాలు స్పందించడం తగ్గిస్తాయి. మెదడు కూడా 'తెలిసిందేగా' అని పట్టించుకోదు.

చిక్కల్లా గ్యాస్ దగ్గరే. వంటగ్యాస్‌కి సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలనే అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. మీరు ఆ గదిలోనే ఉంటే ఆ వాసనకీ ముక్కు అలవాటు పడిపోతుంది! జలుబు చేస్తే సరేసరి. వయసు మళ్ళిన అత్తగారికి, కోవిడ్ తర్వాత వాసన సరిగ్గా తెలియనివారికి మరీ కష్టం.

అందుకే "ఇందాక ఏదో వాసనొచ్చింది, ఇప్పుడు లేదులే" అని ఊరుకోకండి. బయటినుంచి వచ్చినవాళ్ళు "గ్యాస్ వాసన" అంటే నమ్మండి. ఏ స్విచ్చీ వేయొద్దు, ఆపొద్దు. అగ్గిపుల్ల గీయొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చేయండి. అక్కణ్ణుంచే 1906కి ఫోన్ చేయండి. వంట తర్వాతైనా చేసుకోవచ్చు!