పెరటి చెట్టు మందుకు పనికిరాదా?

పీహెచ్‌పీతో నడిచే సైటు నెమ్మదించిందని మొరపెట్టుకోగానే, సర్వర్లు అద్దెకిచ్చేవారిలో చాలామంది నోట తొలుత వచ్చే మాట ఒక్కటే: "పెద్ద ప్లానుకు మారండి." ఈ సలహాను నేను గట్టిగా నిరసిస్తున్నాను. ఆప్‌కాషె అనే పొడిగింత ఆ సర్వరులో పనిచేస్తోందో లేదో చూడకుండా డబ్బడగడం, నాడి పట్టకుండా మందు రాయడమే.

పీహెచ్‌పీ ఫైలును యంత్రం ఉన్నదున్నట్టుగా నడపలేదు. ముందు దాన్ని చదివి, ముక్కలుగా విడగొట్టి, వ్యాకరణం సరిచూసి, ఆప్‌కోడ్లనే చిన్న చిన్న ఆదేశాలుగా మార్చుకోవాలి. ఆ తరువాతే అసలు పని. పేజీని పంపించగానే ఆ ఆదేశాలను పారేస్తుంది. మరుక్షణం మరొకరు అదే పేజీ అడిగితే, కథ మళ్ళీ మొదటికే! వర్డ్‌ప్రెస్ అయితే ఒక్క పేజీ కోసం వందల ఫైళ్ళు తెరుస్తుంది. దోసెకొకసారి పప్పు నానబోసి రుబ్బే హోటలు ఎన్నాళ్ళు నడుస్తుంది? రుబ్బిన పిండిని అందరికీ అందేటట్టు ఉమ్మడి మెమరీలో నిలవుంచడమే ఆప్‌కోడ్ కాషె చేసే పని.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. టర్క్ ఎంఎంకాషె, దాని నుండి 2004లో చీలిన ఈయాక్సిలరేటర్, ఏపీసీ, ఎక్స్‌కాషె అన్నీ దీని కోసమే వచ్చాయి. వాటిని స్థాపించడం ఆ రోజుల్లో నిజంగానే శ్రమ. సోర్సు దించుకుని, కంపైలు చేసుకుని, పీహెచ్‌పీ మారినప్పుడల్లా మళ్ళీ అదే తంతు. అందుకే అది నిపుణుల విద్య అన్న పేరు పడింది. అయితే 2013లో జెండ్ సంస్థ తన ఆప్టిమైజర్ ప్లస్ సోర్సును బయటపెట్టింది. అదే ఏడు జూన్‌లో వచ్చిన పీహెచ్‌పీ 5.5లో అదే ఆప్‌కాషె పేరుతో చేరిపోయింది. 2025 నవంబరులో విడుదలైన 8.5లో దాన్ని పీహెచ్‌పీలో విడదీయరాని భాగం చేశారు. తయారుచేసేవారే ఇది అందరికీ ఉండవలసినదని తేల్చాక కూడా, దీన్ని ఖరీదైన ప్లానుకు అలంకారంగా తగిలించి అమ్మేవారిని ఏమనాలి? ఉచితంగా ఇంట్లోనే ఉంది కాబట్టి, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నమాట!

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మెమరీ తింటుందంటారు. దాని సహజ కేటాయింపు 128 ఎంబీ. ఆ మెమరీని పీహెచ్‌పీ ప్రక్రియలన్నీ కలిసి వాడుకుంటాయి, ఒక్కోదానికీ వేరుగా అంత అక్కరలేదు. చిన్న సైటుకు ఇంకా తగ్గించుకోవచ్చు. ఫైలు మార్చినా మార్పు కనబడదంటారు. మామూలు అమరికలో ప్రతి 2 సెకన్లకు ఫైలు మారిందేమో చూసుకుంటుంది. ఎవరో రాసిపెట్టిన చిట్కాను చూసి వాలిడేట్_టైంస్టాంప్స్ విలువను 0 చేస్తేనే ఆ చూడటం ఆగిపోతుంది. ఆ తప్పు పొడిగింతది కాదు, చిట్కాను గుడ్డిగా అతికించుకున్నవారిది. ఇక అసలు జాప్యం డేటాబేసులో ఉందంటారు. ఉండవచ్చు, ఆప్‌కాషె డేటాబేసు జోలికి పోదు. కానీ రుబ్బడం ఆపకుండా జాప్యం వంటలో ఉందో వడ్డనలో ఉందో ఎలా తెలుస్తుంది?

మన తెలుగు వికీపీడియాను నడిపించే మీడియావికీ కూడా పీహెచ్‌పీయే. వికీమీడియా 2014లో తన సైట్లను వేగం కోసం హెచ్‌హెచ్‌వీఎం మీదికి మార్చింది, 2019లో తిరిగి పీహెచ్‌పీ 7కు వచ్చింది. అంతటి సంస్థే కోడు నడిచే తీరు మీద అంత శ్రద్ధ పెట్టినప్పుడు, చిన్న సైటుకు సర్వరు పెంచడమొక్కటే దారి ఎలా అవుతుంది?

ఇందులో పోయేది కొన్ని సెకన్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి. తెలుగులో సాహిత్య సైట్లు చాలావరకు ఒకరిద్దరి చేతి డబ్బుతో నడిచేవే. నేనెరిగిన ఒక పత్రికకు రెండుసార్లు అద్దె పెంచారు. పీహెచ్‌పీఇన్ఫో పేజీ తెరిచి చూస్తే ఆప్‌కాషె ఆపివేసి ఉంది! అలా భారం పెరిగి ఒకనాడు సైటు మూతపడితే, దానితో పోయేవి ఏళ్ళ తరబడి కూడబెట్టిన కథలూ వ్యాసాలూ.

కనుక మిత్రులారా, డబ్బు కట్టేముందు మీరే చూసుకోండి. పీహెచ్‌పీఇన్ఫోను బ్రౌజరులోనే చూడండి. కమాండ్ లైనులో ఆప్‌కాషె మామూలుగా ఆగే ఉంటుంది, అది చూసి మోసపోవద్దు. సర్వరు మీ చేతిలో ఉంటే, పొడిగింతను అమరికల ఫైలులో చేర్చి, ఎనేబుల్ విలువను 1 చేసి, పీహెచ్‌పీని మళ్ళీ మొదలుపెట్టండి. చేతిలో లేకపోతే అద్దెకిచ్చినవారిని మూడే ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఆప్‌కాషె పనిచేస్తోందా? దానికెంత మెమరీ ఇచ్చారు? అది నిండిపోతోందా?

సూటిగా జవాబు రాకపోతే మార్చవలసినది ప్లానును కాదు, వారినే.